వాడు వింటున్నాడండీ!

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇజాలు కొత్తవి కావు. రొమాంటిసిజం, రియలిజం, సర్రియలిజం... ఒక్కో ఇజం వెనక ఒక్కో ముఠా, ఒక్కో ముఠాకి ఒక పీఠికా. వాటి పేరు చెప్పుకుని ఏళ్ళ తరబడి సరదాగా పోట్లాడుకున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఒక ఇజం మాత్రం పుస్తకంలోంచి కాక డాక్టరు నోట్లోంచి సరాసరి ఇంట్లోకి వస్తుంది. అదే ఆటిజం. గ్రీకులో ‘తాను’ అనే మాట మీంచి పుట్టిన పేరట. దీన్ని ఆత్మలీనత అనీ, స్వలీనత అనీ అనువదించిన వాళ్ళున్నారు. ఆ మాటలు వింటే నాకు హిమాలయాల్లో కళ్ళు మూసుకు కూచున్న యోగి కనబడతాడే తప్ప, తిరిగే ఫ్యానుకేసి గంటసేపు చూసి చేతులాడించి సంతోషపడే అయిదేళ్ళ కుర్రాడు కనబడడు. కాబట్టి ఆటిజం అనే అందాం. అందులో కనీసం ‘ఆట’ అన్నా ఉంది.

డాక్టరుగారు ఆ మాట కాగితం మీద రాసి పంపేశాక ఇంట్లో మొదలయ్యేది చదువు. తండ్రి ఒక మూల, తల్లి ఒక మూల కూచుని దొరికిందల్లా చదువుతారు. అలా చదవడానికి పనికొచ్చే సాహిత్యం ఇప్పటికి కొండంత పోగయింది. అందులో వైద్యం పాలెంతో తేల్చడం డాక్టర్ల పని. కాని పుస్తకం పుస్తకమే కదా! ఎవరు ఎవరితో చెబుతున్నారు, ఏ గొంతుతో చెబుతున్నారు, ఎవర్ని గది బయట నిలబెట్టి చెబుతున్నారు – ఇది చూడటం మాత్రం విమర్శ రాసేవాళ్ళ పనే. ఆ చొరవతోనే కొన్నిటిని తీరిగ్గా చదివాను.

నా గీటురాయి ఒక్కటే. ఈ పుస్తకం ఎవర్ని గురించి రాశారో ఆ పిల్లవాడు అదే గదిలో బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ ఉండగా, దీన్ని పైకి చదవగలమా? గొంతు తగ్గించకుండా, పేజీలు దాటెయ్యకుండా?

ఇది గాల్లోంచి తెచ్చిన గీటురాయి కాదు. మా మేనకోడలి కొడుక్కి ఆరేళ్ళు. నాలుగో ఏట డాక్టర్లు ఆటిజం అని తేల్చారు. ఆ తర్వాత పరామర్శలు! వచ్చినావిడల్లా వాడి ఎదురుగానే, ‘పాపం, చూడ్డానికి ఎంత చక్కగా ఉన్నాడో’ అంటుంది. ఒకావిడ మరీ ముందుకు వంగి, ‘ఇంతకీ ఎవరి వైపు నుంచి వచ్చిందీ?’ అంది. పిల్లాడు ఇక్కడే ఉన్నాడని మా మేనకోడలు సైగ చేస్తే, ‘వాడికేం తెలుస్తుందిలే అమ్మా’ అని కూడా అంది. వారం తర్వాత స్నానం చేయిస్తుండగా వాడు చెంబుకేసి చూస్తూ, ఆవిడ గొంతుతోనే, ఆవిడ దీర్ఘంతో సహా, ‘ఎవరి వైపు నుంచి వచ్చిందీ?’ అన్నాడు. విన్న మాటని దాచుకుని ఎప్పుడో యథాతథంగా అప్పజెప్పడం ఈ పిల్లల్లో చాలామందికి ఉన్నదే. అర్థం ఎంత పట్టిందో మనం చెప్పలేం. విన్నాడన్నది మాత్రం ఖాయం.

వాడికో అక్క ఉంది, తొమ్మిదేళ్ళది. తమ్ముడు తనని పేరుపెట్టి పిలవడనీ, పిలిస్తే తిరగడనీ, తనంటే ఇష్టం లేదనీ దాని దిగులు. ‘అత్తయ్యా, నువ్వు పుస్తకాలు చదువుతావుగా, దీనికి చదివి వినిపించేది ఒకటి చూసి పెట్టు’ అని మా మేనకోడలు అడిగింది. అదండీ ఈ సమీక్షకి మూలం.

పుస్తకాల దాకా వెళ్ళకముందే మన భాషలోనే చిక్కుంది. ‘వీడు వినడు’ అంటే చెవిన పెట్టడనీ అర్థమే, చెప్పిన పని చెయ్యడనీ అర్థమే. పిలిస్తే తల తిప్పని పిల్లవాణ్ణి గురించి తల్లి ‘వినడండీ’ అంటే డాక్టరు చెవుల పరీక్షకి పంపుతాడు, మామ్మ బెత్తం కోసం వెతుకుతుంది. ఇంకోటి ‘వచ్చింది’. జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, వీడికి ఆటిజం వచ్చింది. వచ్చింది అన్నాక పోవాలి కదా! అందుకే ప్రతివాళ్ళూ ‘ఎప్పటికి పోతుందన్నారు?’ అని అడుగుతారు. తప్పు వాళ్ళది కాదు, క్రియాపదానిది. ‘ఉంది’ అని చూడండి. వాడికి ఉంగరాల జుట్టు ఉంది. అది ఎప్పుడు పోతుందని ఎవరన్నా అడుగుతారా?

ఇక పుస్తకాలు. ఈ సాహిత్యానికి ఆదిపర్వం లియో కానర్ అనే డాక్టరు 1943లో ప్రచురించిన వ్యాసం. అమెరికాలో బాల్టిమోరు నగరం, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి, పదకొండు మంది పిల్లలు. వైద్యపత్రికలో అచ్చయిన వ్యాసమే గాని, నిజానికది పదకొండు స్కెచ్‌ల సంపుటి. మొదటి కథానాయకుడు మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరి పిల్లవాడు డొనాల్డ్. తండ్రి లాయరు. కొడుకు ఏం చేస్తాడో, ఏమంటాడో పూసగుచ్చినట్టు 33 పేజీలు టైపు చేయించి పంపాడు. ఈ శాస్త్రానికి మొదటి ఆధారం ఒక తండ్రి ఉత్తరమన్నమాట! కానర్‌గారు ఆ వృత్తాంతాన్ని మెచ్చుకుంటూనే, అన్నన్ని వివరాలు రాయడం కూడా ఒక రకం పిచ్చిపట్టుదలే అన్నట్టు ఒక చురక వేశారు. వ్యాసం చివరికొచ్చేసరికి ఈ పిల్లల తల్లిదండ్రుల్లో మమత గలవాళ్ళు బహు తక్కువని కూడా రాశారు. పిల్లల్ని చూసినంత ఓర్పుగా పెద్దల్ని చూడలేదు. ఆ ఒక్క పరిశీలన తర్వాతి పాతికేళ్ళలో ఎన్ని ఇళ్ళల్లో తల్లుల్ని బోనెక్కించిందో! డొనాల్డ్ మాత్రం తన ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేసుకుని, గోల్ఫు ఆడుకుంటూ, దేశాలు తిరుగుతూ, 89 ఏళ్ళు బతికి 2023లో కన్నుమూశారు.

1967లో ఒక విచిత్రం జరిగింది. ఒకే ఏడాది, ఒకే విషయం మీద, ఒకే ఉపమానంతో రెండు పుస్తకాలు వెలువడ్డాయి. ఒకటి షికాగోలో పిల్లల బడి నడిపిన బ్రూనో బెటల్‌హైమ్ రాసిన ‘ద ఎంప్టీ ఫోర్ట్రెస్’, అంటే ఖాళీ కోట. రెండోది క్లారా క్లెయిబోర్న్ పార్క్ రాసిన ‘ద సీజ్’, అంటే ముట్టడి. ఆవిడ ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఇల్లాలు, నలుగురు పిల్లల తల్లి. ఆఖరి పిల్లకి ఆటిజం.

బెటల్‌హైమ్ చేయితిరిగిన రచయిత, అదే ప్రమాదం. నాజీల డకావ్, బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాల్లో స్వయంగా బాధలు పడ్డ మనిషి. బతుకు మీద ఆశ వదులుకుని లోపలికి ముడుచుకుపోయిన ఖైదీలను కళ్ళారా చూశారు. ఆ పోలికనే తీసుకొచ్చి ఈ పిల్లలకి తగిలించారు. శిబిరమంటే ఇల్లు. మరి కాపలాదారు ఎవరు? అమ్మ! ఉపమానం ఎంత బలమైనదంటే చదువుతున్నంతసేపూ ఎదురు చెప్పబుద్ధి కాదు. అలంకారం అందంగా ఉన్నంత మాత్రాన అది సాక్ష్యమైపోదు. ఈ సంగతి అప్పటి పాఠకులకి తోచినట్టు లేదు, పుస్తకానికి గొప్ప పేరొచ్చింది. పిల్లాడు గదిలో ఉండగా దీన్ని చదవడం మాట అటుంచండి, తల్లి గదిలో ఉండగా చదవలేం.

పార్క్ పుస్తకంలోనూ కోట ఉంది, కాని ఖాళీ కోట కాదు. లోపల మనిషి ఉందని తల్లికి తెలుసు. మొదటి పేజీలోనే ఒక పసిపిల్ల నేల మీద ఒకే చోటు చుట్టూ పాకుతూ తనలో తాను ఆనందపడుతూ ఉంటుంది. గమనించారా, ఏడుస్తూ కాదు, ఆనందపడుతూ! తల్లి పక్కన కూచుంటుంది. తలుపు బద్దలుకొట్టదు. ఇవాళ ఒక చిన్నపని, నెల పోయాక ఇంకో చిన్నపని. సిద్ధాంతం తక్కువ, రోజువారీ లెక్క ఎక్కువ. బెటల్‌హైమ్ కోటని దూరం నుంచి వర్ణించారు. ఈవిడ గోడ దగ్గరే మకాం పెట్టింది. వచనంలో ఈ తేడా ప్రతి పేరాలోనూ తెలుస్తుంది. నాకొక్క అభ్యంతరం ఉంది. ముట్టడి అన్నాక లోపలున్నది శత్రువు కాకపోయినా బందీ అవుతుంది, వశం చేసుకోవలసిన మనిషి అవుతుంది. ఆ పుస్తకంలో పిల్లకి పెట్టిన పేరు ఎల్లీ. 2001లో ఆవిడే రాసిన రెండో పుస్తకం ‘ఎగ్జిటింగ్ నిర్వాణ’లో కూతురు తన సొంత పేరు జెస్సీతోనే కనబడుతుంది. అప్పటికి ఆ అమ్మాయి ఉద్యోగం చేసుకుంటోంది, బొమ్మలు వేసి అమ్ముతోంది. మారుపేరు తీసెయ్యడమంటే నా లెక్కలో పిల్లని గదిలోకి పిలవడమే. మొదటి పుస్తకం కన్నా రెండోదానికి నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

1969లో కానర్‌గారు ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సభకి వెళ్ళి, మీ దోషం ఏమీ లేదని ఒప్పేసుకున్నారు. ఇందులో పుట్టుకతో వచ్చే జన్యువుల పాత్ర పెద్దదనీ, పెంపకం వల్ల రాదనీ ఇప్పుడు తెలుసు. టీకాల వల్ల వస్తుందని 1998లో ఒక వ్యాసం గగ్గోలు పుట్టించింది. అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. అయినా ‘ఎవరి వైపు నుంచి’ అనే ప్రశ్న మన వసారాల్లో నిక్షేపంగా ఉంది.

మన దగ్గర తయారైన ఒక రచన కూడా పరిశీలిద్దాం. సికిందరాబాదు మనోవికాస నగర్‌లో బుద్ధిమాంద్యం గలవారి కోసం 1984లో ఏర్పడ్డ జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని కొలవడానికి అక్కడ తయారుచేసిన కొలబద్ద 2009లో విడుదలయింది. నలభై అంశాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం 70 లోపు అయితే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం. దీన్ని రచన అంటే సంస్థవారు నవ్వుతారేమో. కాని ఒక తల్లి జీవితంలో ఇంత శ్రద్ధగా చదివే రచన ఇంకోటి ఉండదు. మార్కులు ఎక్కువొస్తే మిఠాయిలు పంచే జాతికి, ఎక్కువొస్తే గుండె జారే పరీక్ష ఇదొక్కటే. నలభైలో దాదాపు ప్రతి వాక్యమూ పిల్లవాడు చెయ్యనిదాన్నో, చెయ్యకూడనిదాన్నో చెబుతుంది. అసాధారణమైన ప్రతిభ గురించి ఒక అంశం ఉంది. ఆ ప్రతిభ ఉంటే అదీ జబ్బు ఖాతాలోనే జమ! కొలబద్ద ధర్మం అంతే, దాన్ని తప్పుపట్టను. సర్టిఫికెట్టుకీ, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రావలసిన వాటికీ ఇలాంటి లెక్క ఏదో ఒకటి కావాలి. నా ఫిర్యాదల్లా, అది ఇంటికొచ్చాక పిల్లవాడి జీవితచరిత్రగా చలామణీ అవుతుందని. బజారుచీటీని ఎవరూ భోజనమనుకోరు కదా!

సినిమాల సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. 1988లో వచ్చిన ‘రెయిన్ మాన్’లో డస్టిన్ హాఫ్‌మన్ నటన గొప్పదే. కింద పడ్డ పుల్లల్ని చూడగానే లెక్కచెప్పే ఆ పాత్ర పుణ్యమా అని, ఆటిజం అనగానే ‘అయితే మీవాడికి లెక్కలు బాగా వచ్చుండాలే’ అనడం లోకానికి అలవాటయింది. అలాంటి ప్రతిభ కొద్దిమందికే ఉంటుంది. మిగిలినవాళ్ళు లోకాన్ని నిరాశపరిచినట్టు తల వంచుకోవాలి కాబోలు.

గదిలో ఉన్నవాళ్ళే మాట్లాడితే ఎలా ఉంటుంది? జిమ్ సింక్లేర్ ఆటిజం ఉన్న మనిషి. 1993లో కెనడాలో టొరంటో సభలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగం ‘డోంట్ మోర్న్ ఫర్ అజ్’ పేరుతో అచ్చయింది. మా కోసం శోకాలు పెట్టకండి అని దాని భావం. మీరు పోగొట్టుకున్నది మీరు ఊహించుకున్న బిడ్డని, కళ్ళెదుట ఉన్న బిడ్డ బతికే ఉన్నాడు – స్థూలంగా ఇదీ వాదం. నేను చదివినవాటన్నిటిలోకీ నా గీటురాయికి నూటికి నూరుపాళ్ళూ నిలిచింది ఇది. చిన్నది, కటువైనది, ఎక్కడా జాలి అడగదు. తల్లిదండ్రుల దుఃఖాన్ని సింక్లేర్‌గారు కాదనలేదు. దాన్ని వేరే చోట తీర్చుకోమన్నారు. సబబే. కాని రెండు గదుల ఇంట్లో, అత్తమామలూ వచ్చేపోయే చుట్టాలూ ఉండే సంసారంలో, ఆ వేరే చోటు ఎక్కడుంది? వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చే తల్లులకి కూడా ఒక పేజీ కేటాయించి ఉంటే బాగుండేదనిపించింది. ఆ పేజీ కోసం మళ్ళీ పార్క్ దగ్గరికే వెళ్ళాలి.

ఇవన్నీ పెద్దల పుస్తకాలు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏమివ్వాలి? మొదట చిక్కింది కేథీ హూప్మన్ అనే ఆస్ట్రేలియా రచయిత్రి 2006లో తెచ్చిన పిల్లుల పుస్తకం. పేజీకో పిల్లి ఫోటో, పక్కన ఒక చిన్న వాక్యం. పిల్లికి చిన్న చప్పుడైనా పెద్దగా వినబడుతుంది. తనకి కావలసినప్పుడే ఒళ్ళోకి వస్తుంది. రోజూ ఒకే చోట కూచుంటుంది. ఆటిజం ఉన్న పిల్లలూ అంతే అన్నమాట. మొదట పేరులో యాస్పెర్గర్ ఉండేది. 2013లో అమెరికా మానసిక వైద్యులు ఆ విడి పేరును ఆటిజంలో కలిపేశారు. తర్వాత 2020 ముద్రణలో పుస్తకం పేరూ మారింది. ఉపాయం చక్కనిది. లోపాల జాబితాని స్వభావాల జాబితాగా తిరగరాసింది. సికిందరాబాదు నలభై అంశాల పక్కన పెట్టి చదివితే ఒకే పిల్లవాణ్ణి ఇద్దరు చిత్రకారులు గీసినట్టుంటుంది. మా చిన్నది ఒక్క బిగిని చదివేసి, ‘మరి తమ్ముడు పాలు తాగడే!’ అంది. వాడు పుస్తకాన్ని తలకిందులు చేసి, అట్ట అంచుల వెంట వేలితో రెండుసార్లు తిరిగి, తిరిగి ఇచ్చేశాడు. అదీ ఒక చదువే అని నా అభిప్రాయం.

కాని దీన్ని తెలుగు చెయ్యాలంటే తంటా ఉంది. వాళ్ళ పిల్లి సోఫా మీద పడుకుంటుంది. మన పిల్లి ఎదురొస్తే చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరే వాళ్ళం మనం. పిల్లాణ్ణి పిల్లితో పోల్చామంటే మామ్మ ఒప్పుకోదు. పాత్ర మార్చాలి, ఉడతో, పిచికో.

రెండోది జూలియా. అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’లో బొమ్మ. మన ‘గలీ గలీ సిమ్ సిమ్’కి మాతృక అదే. జూలియా 2015లో బొమ్మలకథలో పుట్టి, 2017 ఏప్రిల్‌లో టీవీలోకి వచ్చింది. ఆ పిల్ల బొమ్మ వేసుకుంటూ ఉంటుంది. పసుపుపచ్చ బిగ్ బర్డ్ వచ్చి పలకరిస్తాడు. జవాబు ఉండదు. తనంటే ఇష్టం లేదేమోనని పాపం వాడి మొహం చిన్నబోతుంది. సరిగ్గా మా చిన్నదాని దిగులే! పక్కనున్న స్నేహితులు, జూలియాకి ఆటిజం ఉందనీ, జవాబు ఒక్కోసారి ఆలస్యమవుతుందనీ వాడికి నచ్చజెబుతారు. ఇందులో నాకు నచ్చింది ఆ విషయం చెప్పడం కాదు, చెప్పిన చోటు. జూలియాని పక్కగదిలోకి పంపి చెప్పరు. తర్వాత పట్టుకునే ఆటలో జూలియా సంతోషం పట్టలేక గెంతుతుంది. ఆ గెంతుల్ని ఆపమని ఎవరూ అనరు. మిగిలినవాళ్ళు కూడా గెంతి దాన్నే ఆట చేస్తారు. బొమ్మనాడించే స్టేసీ గోర్డన్‌గారి కొడుక్కీ ఆటిజం ఉంది. ఆ గెంతుల్లో అది తెలుస్తుంది. అయితే 2019లో ఇదే జూలియాని, రోగనిర్ధారణని శోకవార్తలా చూపించే కరపత్రాలున్న ప్రచారానికి వాడుకున్నారు. అప్పటిదాకా సలహాలిచ్చిన, ఆటిజం ఉన్నవాళ్ళే నడుపుకునే సంఘం కోపగించి తప్పుకుంది. కోపం న్యాయమే. కథలో పిల్లని గదిలో ఉంచి, కరపత్రంలో మళ్ళీ బయటికి పంపినట్టయింది.

ఇంతకీ మా మేనకోడలికి ఏమిచ్చాను? అప్పటికి నాలుగు వాక్యాలు రాసిచ్చాను. ‘తమ్ముడికి ఆటిజం ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది, ఎవరూ చేసింది కాదు. నువ్వు పిలిస్తే వాడికి వినబడుతుంది, జవాబు దారిలో ఉంటుంది. మిక్సీ వేసేముందు వాడికి చెప్పు, ఆ చప్పుడు నీకన్నా వాడికి పెద్దది.’ ఇవి పిల్లాడి ఎదురుగానే చదవమన్నాను. వాడికి కూడా ఆ మాట మొదట ఇంట్లోనే తెలియాలి, అమ్మ గొంతులో తెలియాలి. లేకపోతే బళ్ళో ఎవడో వెక్కిరించి వేరే మాటతో చెబుతాడు. మూడోసారి చదివినప్పుడు ‘దారిలో ఉంటుంది’ దగ్గర వాడు తలెత్తాడట.

నాలుగు వాక్యాలు పుస్తకం కావు. బొమ్మలు వెయ్యగలవాళ్ళూ, పిల్లలకి రాయగలవాళ్ళూ మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు. ఉడతతో రాస్తారో, పిచికతో రాస్తారో మీ ఇష్టం. మొదటి పాఠకురాలు తయారుగా ఉంది. ఇంకా కూడబలుక్కునే చదువుతోంది కాబట్టి ఒత్తులు కాస్త తక్కువగా వెయ్యండి.